వల కిచ్చెదము, విద్య కీయమా?

వల చినిగిన నష్ట మెంతయో బెస్తవాడు వ్రేళ్ళమీద లెక్కించి చెప్పగలడు. పడవ పగిలిన నష్ట మెంతయో తహసీలుదారు పంచనామా వ్రాసి చెప్పగలడు. కాని తెలియనందువలన గలిగిన నష్ట మెవరు లెక్కింతురు? గాలివాన హెచ్చరిక యందినను దాని యర్థము గ్రహింపలేకపోవుట, సముద్రపు సరిహద్దు గీత యెచ్చటనో యెఱుగక దాటుట, లైఫ్ జాకెట్టు పడవలోనే యున్నను తొడుగుకొనకుండుట, వీనివలన గలుగు నష్టము ఏ దస్త్రమునందును ప్రత్యేకముగా పద్దు పడదు. పద్దు పడని నష్టమునకు బడ్జెటులో స్థానము దొరకుట కష్టము. మన తీరములయందును నదులయందును చేపలవేటకు, పడవ నడపుటకు సంబంధించిన విద్యకు నిలుకడగల ధనసహాయము లేకుండుటకు మూలకారణ మిదియే యని మా యభిప్రాయము.

పడవలకును వలలకును సర్కారు సహాయము కూడదని మేము చెప్పుట లేదు. ఆ సహాయము లేనిదే తీరవాసి షావుకారు చేతినుండి విడివడలేడు. 2020 మే నెలలో కేంద్రప్రభుత్వ మామోదించిన ప్రధానమంత్రి మత్స్యసంపద యోజనకు నిర్ణయింపబడిన మొత్తము 20,050 కోట్ల రూపాయలు. ఇందు కేంద్రముయొక్క వాటా 9,407 కోట్లు. రాష్ట్రములది 4,880 కోట్లు. లబ్ధిదారులు స్వయముగా పెట్టుకొనవలసినది 5,763 కోట్లు. అయిదేండ్ల కుద్దేశింపబడిన యీ పథకము పిమ్మట 2025-26 వఱకు పొడిగింపబడినది. పడవయో, మంచుపెట్టెయో, చేపలచెఱువో కోరు సామాన్యునకు యూనిట్టు వెలలో నూటికి 40 వంతులును, స్త్రీలకును షెడ్యూల్డు కులములవారికిని తెగలవారికిని నూటికి 60 వంతులును సహాయముగా లభించును. మత్స్యపరిశ్రమపై నింత మొత్తము మునుపెన్నడును ఒక్క పథకమున నుద్దేశింపబడలేదు. ఇది సంతోషింపదగిన విషయమే.

అయితే ఈ పద్ధతియం దొక చిక్కు గలదు. యూనిట్టునకు వెల గలదు, రసీదు గలదు, ఛాయాచిత్రము గలదు. అధికారి వచ్చి చూచి, పడవ ఉన్నదని వ్రాసికొని పోవును. నేర్చిన విద్యకు ఛాయాచిత్రము లేదు. నలువది మంది యువకులకు వైర్లెస్సు వాడుక నేర్పినచో, దాని ఫలితము మఱుసటి తుపానుదినమున గాని కనబడదు. ఆ దినమునను, వారు క్షేమముగా గట్టుచేరినందువలన, ఏమియు జరుగనట్లే యుండును. శిక్షణయు, అవగాహనయు నీ పథకమునందును చేర్పబడిన యంశములే. తీరగ్రామములలో “సాగరమిత్ర” లను పేర స్థానిక యువజనులను నియమించు నేర్పాటును మెచ్చదగినదే. మే మడుగున దొక్కటే: వస్తువును, విద్యను ఒకే పళ్ళెములో వడ్డించినపుడు, చేతి కందునది ముందుగా తరిగిపోవునా, కంటి కగపడనిది ముందుగా తరిగిపోవునా? లెక్క యొప్పజెప్పవలసిన అధికారి దేనివంక మొగ్గునో చెప్ప నక్కఱలేదు.

బెస్తవానికి విద్య యేల, వాడు సముద్రముననే పుట్టినవాడు గదా యని కొందఱందురు. ఈ మాటయందు సగము సత్య మున్నది. కఱ్ఱతెప్పపై తండ్రి వెంట పోయిన బాలుడు అలల నడక, నీటి రంగు, గాలి తీరు, చుక్కల పొడుపు నేర్చుకొనెడివాడు. అది బడి గాకపోయినను గొప్ప విద్యయే. దానిని మనము చిన్నచూపు చూడరాదు. కాని ఆ విద్య తీరము కనుచూపు మేరలో నున్న వేటకు దగినది. ఇంజను వచ్చినది, పడవ దూరము పోవ మొదలిడినది, రాత్రులు, వారములు సముద్రముననే గడుచుచున్నవి. తండ్రి యెన్నడును చూడని సాధనములు కొడుకు చేతికి వచ్చినవి. ఉపగ్రహము చూపు స్థానము చదువుట, ఇంజను చెడినపుడు నడిసముద్రమున బాగుచేసికొనుట, వైర్లెస్సుపై ఆపదను తెలుపుట, ఏ ఋతువున ఏ నీటిలో వేట నిషిద్ధమో యెఱుగుట, ఇవి తండ్రివద్ద నేర్చుకొను విద్యలు కావు.

ఈ భేదమునకు రెండు నిదర్శనములు చాలును. 2017 నవంబరు చివర ఓఖీ తుపాను వీచినపుడు కన్యాకుమారి, కేరళ తీరములనుండి వేటకై దూరము పోయిన మత్స్యకారు లనేకులు తిరిగి రాలేదు. గట్టున జెప్పిన మాట వారి చెవిని బడుటకు సాధనము లేదు. మఱుసటి యేడు, 2018 నవంబరులో, గుజరాతు తీరమునకు కూలికై పోయి మరపడవలపై వేటాడుచుండిన మన శ్రీకాకుళ, విజయనగర మండలములవారు సరిహద్దు దాటిరను నభియోగముపై పాకిస్థాను అధికారులచే పట్టుబడిరి. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా దారిని స్వదేశము చేరిరి. ఏడాదికి మించిన చెఱ! చుక్కాని వారి చేత నుండెనో, యజమాని నియమించిన సరంగు చేత నుండెనో అది వేఱు ప్రశ్న. అయినను, పడవలో నున్న ప్రతివాడును తానున్న స్థలమును తానే చదువుకొనగలిగినచో, అపాయకరమైన దారి పట్టిన సరంగును ప్రశ్నించుటకైన నవకాశ ముండును.

సాధనము లిచ్చినంత మాత్రమున నీ లోటు తీరదు. 2024 ఆగష్టు 30వ తేదీన మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రారంభింపబడిన పథకమున లక్ష వేటపడవలకు ట్రాన్స్‌పాండర్ల నమర్చ నుద్దేశింపబడినది. తుపాను వార్తయు, సరిహద్దు హెచ్చరికయు పడవకు చేరుటకును, ఆపదలో నున్నవాడు గట్టుకు కబురు పంపుటకును నివి యుపయోగపడును. చాల మంచి పని. కాని యా పెట్టె మ్రోగినపుడు దాని భావ మేమో, ఏ మీట నొక్కవలెనో, అది ఏ భాషలో మాటాడునో తెలియనివానికి అది మ్రోగుచున్న పెట్టె మాత్రమే. లక్ష పెట్టెలకు ధనము కేటాయించిన చేతులు లక్ష పడవలలోని వారికి దాని వాడుక నేర్పుటకును విడిగా కేటాయింపవలెను.

నదులవిషయ మింకను విచారకరము. 2017 నవంబరు 12వ తేదీన కృష్ణానదిలో పవిత్రసంగమము వద్ద పడవ తలక్రిందులై 20 మందికి పైగా మరణించిరి. 2019 సెప్టెంబరు 15వ తేదీన పాపికొండలు చూడబోయిన పర్యాటకుల పడవ కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగి సుమారు 50 మంది ప్రాణములు గోల్పోయిరి. బయటపడినవారు 26 మంది. నాడు ముందుగా పరుగెత్తి తమ నాటుపడవలతో మునుగువారి నందుకొన్నవారు ఆ గట్టు గ్రామస్థులే. మునిగిన పడవను 38 దినముల పిమ్మట, అక్టోబరు 22వ తేదీన, నదీగర్భమునుండి వెలికి దీసినది కాకినాడ వాస్తవ్యుడు ధర్మాడి సత్యం బృందము. నీటి విద్య మనవారిలో లేకపోలేదని ఈ యుదంతమే చాటుచున్నది. ఆ విద్య ప్రమాదము జరిగిన పిదప ఉపయోగపడినది. ప్రమాదమునకు ముందు పడవ నడపువారికిని, ఎక్కువారికిని నియమముగా నేర్పబడుటకు తగిన ఏర్పాటు లేదు. 1917 నాటి శాసనమును తొలగించి 2021లో చేయబడిన అంతర్దేశ నౌకల చట్టము పడవల నమోదును, నడపువారి యోగ్యతాపత్రములను, రక్షణసాధనములను నిర్బంధము చేసినది. యోగ్యతాపత్రము కావలెననుట సులభము. యోగ్యత సంపాదించుకొను బడి యూరికి దగ్గఱగా నుండుట కష్టము. బడి పెట్టక పత్రము నడుగు శాసనము పేదవాని బ్రతుకు తెరువును మూయుటకు గాని, లంచమునకు తలుపు తెఱచుటకు గాని దారితీయును.

ఈ ప్రశ్నను శాసనముగా మార్చి, ఏడు పదుల యేండ్లకు పైగా నడపి చూచిన దేశ మొకటి గలదు. అది అమెరికా సంయుక్తరాష్ట్రములు. 1950 ఆగష్టు 9వ తేదీన అధ్యక్షుడు ట్రూమను సంతకముతో అచట నొక చట్టము వెలువడినది. ప్రతినిధి డింగెల్, సెనేటరు జాన్సను అను నిరువురి పేరుల కలయికతో అది వాడుకలో నున్నది. గాలపుకఱ్ఱలు, దారము చుట్టు చక్రములు, చేపలబుట్టలు, కృత్రిమపు ఎఱలు తయారుచేయువారిపై నూటికి 10 వంతుల సుంకము విధించి, ఆ ధనమును చేపల యభివృద్ధికై రాష్ట్రములకు పంచుట దాని సారాంశము. పంపకమునకు నిర్ణీత సూత్ర మున్నది. నూటికి 40 వంతులు రాష్ట్రముయొక్క భూజల వైశాల్యమును బట్టియు, 60 వంతులు అనుమతిపత్రము గొన్న గాలపువేటకాండ్ర సంఖ్యను బట్టియు పంచెదరు. ఏ రాష్ట్రమునకును నూటికి 1 వంతుకు తక్కువగాని, 5 వంతులకు ఎక్కువగాని యుండదు. పనివ్యయములో నాలుగింట మూడుపాళ్ళు కేంద్ర మిచ్చును. తక్కిన పాలు రాష్ట్రము పెట్టుకొనవలెను. అన్నిటికంటె గట్టి నిబంధన యేమనగా, వేట అనుమతిపత్రములపై వచ్చు రుసుమును వేఱుపనులకు మళ్ళింపనని ప్రతి రాష్ట్రమును తన శాసనసభయందే చట్టము చేసికొనినగాని కేంద్రధనమున కర్హత లేదు. మళ్ళింపు అను మాట మన బడ్జెట్లకు క్రొత్త గాదు. దానికి కంచె వేసిన తీరును మన శాసనకర్తలు గమనింపదగును.

ఇంత కట్టుదిట్టముగా చేసిన చట్టమునందును 34 ఏండ్లవఱకు విద్య యను మాటకు చోటు దొరకలేదు. 1984లో సెనేటరు వాలప్, ప్రతినిధి బ్రో తెచ్చిన సవరణ సుంకము పరిధిని విస్తరించి, మరపడవలు వాడు పెట్రోలుపై వచ్చు పన్నులో భాగమును గూడ నిధికి జేర్చినది. ఆ సవరణముననే ప్రతి రాష్ట్రమును తన వాటాలో నూటికి 10 వంతులు మించకుండ జలవనరుల విద్యకై వినియోగింపవచ్చునని యనుమతి లభించినది. 1998లో ఈ పరిమితి, ప్రచారకార్యమునుగూడ గలుపుకొని, నూటికి 15 వంతులైనది. ఇటీవలి సంవత్సరములలో రాష్ట్రములకు పంచబడు మొత్తము ఏటేట 30 కోట్ల డాలర్లకు పైబడినది. అందలి 15 వంతులనగా 4½ కోట్ల డాలర్లు. ఇది బాలురకు గాలమువేయుట, చేపల జాతుల నెఱుగుట, నీటిని కలుషితము చేయకుండుట, పడవలో మెలగుట నేర్పుటకు వినియోగింప దగిన సొమ్ము.

న్యాయవాదవృత్తిలో నున్నవార మగుటచే ఈ చట్టమున రెండు వాక్యములు మా దృష్టి నాకర్షించినవి. ప్రజలు నీటిని చేరుటకు వలయు పడవరేవుల నిర్మాణమునకై ప్రతి రాష్ట్రమును తన వాటాలో నూటికి 15 వంతులు “కేటాయింపవలయు” ననుట యొక వాక్యము. విద్యకై నూటికి 15 వంతులు మించకుండ “వినియోగింపవచ్చు” ననుట రెండవది. అంకె యొక్కటే. కాని మొదటిది నిర్బంధము, రెండవది అనుగ్రహము. రేవున కింతకు తగ్గరాదని నేల చూపిరి. విద్య కింతకు మించరాదని కప్పు చూపిరి. కాంక్రీటు కంటి కగపడును గనుక దానికి హక్కు లభించినది. విద్య యగపడదు గనుక దానికి సెలవు మాత్రము లభించినది. అమెరికావారి చట్టమునుండి మనము నేర్చుకొనవలసిన వానిలో వారి లోపము గూడ నొకటి. మనము చేయు చట్టమున విద్యకు కప్పు గాక నేల యుండవలెను.

లోప మున్నను ఆ యనుమతివలన గలిగిన మేలు తక్కువది గాదు. ప్రతి రాష్ట్రముయొక్క మత్స్యశాఖయందును విద్యకు ప్రత్యేకముగా ధన మడుగుటకు చట్టబద్ధమైన యాధార మేర్పడినది. గాలము కొనలేని కుటుంబములవారికి పుస్తకమువలె గాలపుసామాగ్రిని యెరువిచ్చు కేంద్రములు పలుచోట్ల వెలసినవి. పల్లెలయందును పట్టణపు చెఱువులకడను స్వచ్ఛందముగా బోధించువారు ముందుకు వచ్చిరి. ఇందొక చక్కని యేర్పాటు గలదు. రాష్ట్రము పెట్టుకొనవలసిన నాలుగవ పాలును రొక్కముగానే చూప నక్కఱలేదు. స్వచ్ఛందబోధకుడు వెచ్చించిన గంటలకు వెలగట్టి, ఆ వెలను వాటాగా జమకట్టుకొనవచ్చును. అనగా, ధనము లేని సంఘమునకును దాని పెద్దల విద్యయే పెట్టుబడి యగును. సంఘముయొక్క జ్ఞానమును సర్కారు ఖాతాలో రూపాయిగా గుర్తించు ఈ యూహ మాకు మిక్కిలి నచ్చినది.

పడవల రక్షణకై 1971లో ఆ దేశమువారు వేఱొక చట్టము చేసి, బోధనకును పర్యవేక్షణకును రాష్ట్రములకు సహాయము చేయుచున్నారు. 2022లో అచట వినోదపు పడవ ప్రమాదములలో మృతులు 636 మంది. మరణకారణము తెలిసినవారిలో నూటికి 75 మంది నీట మునిగి చనిపోయినవారు. అట్లు మునిగినవారిలో నూటికి 85 మంది లైఫ్ జాకెట్టు తొడుగుకొననివారు. పడవ నడపినవాని శిక్షణ వివరములు తెలిసిన మరణములలో నూటికి 74 శిక్షణ లేనివాడు నడపిన పడవలపై సంభవించినవి. ఈ యంకెలను జాగ్రత్తగా చదువవలెను. శిక్షణ లేక నడపువారే దేశమున నెక్కువ మంది యైనచో, ప్రమాదములును వారి పడవలకే యెక్కువగా సంభవించుట సహజము. కావున చివరి యంకె యొక్కదానితో వాదము గెలువదు. కాని జాకెట్టు విషయము కాదనరానిది. అది వెలగల వస్తువు గాదు, అలవాటు. అలవాటు కొనుగోలుచేత రాదు, బోధనచేత వచ్చును.

ఇచట మన పాఠకు లొక యాక్షేపణ చెప్పవచ్చును: అమెరికావానికి చేపలవేట వినోదము, మనవానికి అన్నము, ఆ పోలిక యెట్లు కుదురునని. ఆక్షేపణ న్యాయమైనదే. వినోదించువాని గాలముపై సుంకము వేయుట ధర్మము. కూటికై వేటాడువాని వలపై సుంకము వేయుట యధర్మము. మేము ఆ సుంకమును దిగుమతి చేసికొన గోరుట లేదు. ఆ కంచెను మాత్రము గోరుచున్నాము. ధన మెచ్చటనుండి వచ్చినను, విద్య కని చెప్పినది విద్యకే పోవలెననునది మే మెఱువు దెచ్చుకొనదగిన సూత్రము.

కంచె లేనిచో నేమగునో మన చరిత్రయే చెప్పుచున్నది. సహకార పరపతి సంఘములను గూర్చి 1890ల దశాబ్దిలో విచారణ జరిపిన సర్ ఫ్రెడరిక్ నికల్సను 1905లో మదరాసు రాజధాని మత్స్యపరిశ్రమపై విచారణకు నియుక్తుడయ్యెను. 1907లో మత్స్యశాఖకు పునాది పడినది. వలకంటె ముందు మనిషిని బాగుచేయవలెనను భావము ఆ శాఖకు తొలిదినములనుండియు నుండెను. మలబారు, దక్షిణకన్నడ తీరములలో బెస్తపిల్లలకై ఆ శాఖయే పాఠశాలలు నడపినది. స్వాతంత్ర్యానంతరము 1963లో కొచ్చిన్‌లో మత్స్యనౌకల సిబ్బందికి శిక్షణనిచ్చు కేంద్రసంస్థ ఏర్పడి, 1968లో మదరాసునందును, 1981లో విశాఖపట్టణమునందును శాఖలు తెఱచెను. ఆ సంస్థ పెద్ద మరపడవల నడపువారిని తయారుచేయుటలో మంచి పేరు గడించినది. కాని దాని రెండేండ్ల చదువునకు పదవతరగతి ఉత్తీర్ణత కావలెను. పదవతరగతికి చేరకముందే తెప్ప నెక్కిన బాలు డా గుమ్మము దాటలేడు. స్వల్పకాలపు శిక్షణలు లేకపోలేదుగాని అవి తీరముయొక్క పొడవునకు చాలవు.

1979లో ఐక్యరాజ్యసమితి ఆహారవ్యవసాయ సంస్థ బంగాళాఖాత కార్యక్రమమును మదరాసు కేంద్రముగా ఆరంభించినది. స్వీడను దేశపు ధనసహాయముతో నడచిన యీ కార్యక్రమము అలలలో దిగగల పడవలను రూపొందించుటయే గాక, 1980ల దశాబ్దిలో తమిళనాడు మత్స్యకారులైన వయోజనులకును, ఒరిస్సా తీరపు పిల్లలకును బడివెలుపలి విద్యను సంఘమునందే బోధించు ప్రయత్నములు చేసెను. ఆ ప్రయత్నములు మెచ్చదగినవి. కాని దాతల ధనమునకు దశ లుండును. 1995లో మొదలైన మూడవ దశలో మత్స్యవనరుల నిర్వహణము ముఖ్యాంశ మయ్యెను. ఆ మార్పు తప్పని మేమనము. ఒక తరము పట్టు విద్యను అయిదేండ్ల గ్రాంటుపై నిలుపరాదని మాత్రము మేమందుము.

ఈ విషయమున రాష్ట్రములకు వెలుపల నున్న మన తెలుగు బెస్తల స్థితి మఱింత ఆలోచింపదగినది. పూరీ సముద్రతీరమున యాత్రికుల చేయిపట్టి అలలలో స్నానము చేయించు నోలియాలను చూడని తెలుగు యాత్రికు డుండడు. పూరీలోని పెంటకట మొదలు గోపాలపురము మీదుగా దక్షిణమునకు గల వాడలలో నివసించు వాడబలిజలు, జాలరులు మన తీరమునుండి పోయినవారే. గంజాం మండలము 1936 ఏప్రిలు 1వ తేదీవఱకు మదరాసు రాజధానిలోనిది. ఇంట తెలుగు, బడిలో ఒడియా, శాసనము ఇంగ్లీషు, ఇదీ వారి స్థితి. ఋషికుల్య ముఖద్వారమున సముద్రపు తాబేళ్ళ రక్షణకై యేటేట నవంబరు 1 నుండి మే 31 వఱకు వేట నిషేధము గలదు. ఆపైని తూర్పుతీర మంతటికి ఏప్రిలు 15 నుండి జూను 14 వఱకు 61 దినముల నిషేధము గలదు. తాబేటి నిషేధ మేల, ఎంతదూర మని తన భాషలో చెప్పువాడు లేనపుడు బెస్తవానికి శాసనము పోలీసు రూపముననే పరిచయ మగును.

యానాము వేఱొక విధము. గౌతమీతీరమున నున్న యా పట్టణమును చుట్టి యున్నది ఆంధ్రభూమి. పాలించునది దూరమున నున్న పుదుచ్చేరి. ఒకే నదీముఖమున వేటాడు నిరువురు బెస్తలలో ఒకడు ఒక ప్రభుత్వము పథకమునకును, రెండవవాడు వేఱొక ప్రభుత్వము పథకమునకును దరఖాస్తు పెట్టుకొనవలెను. పులికాటు సరస్సును రెండు రాష్ట్రములు పంచుకొన్నవి, చేపలు పంచుకొనలేదు. ఇట్టి చోట్ల శిక్షణ సరిహద్దును బట్టి గాక నీటిని బట్టియు, అభ్యాసకుని భాషను బట్టియు నుండవలెను.

ఇక రాజధానీనగరమున వకీళ్ళుగను, ఇంజనీర్లుగను, వైద్యులుగను, గణకులుగను నున్న మనవారితో ప్రత్యేకముగా నొకమాట. గ్రాంటు అడిగినవానికి దొరకునని లోకము నమ్మును. నిజమునకు గ్రాంటు అడుగ నేర్చినవానికి దొరకును. నమోదైన సంఘము, లెక్కల తనిఖీ, ఖర్చు పెట్టినట్లు వినియోగపత్రము, తీర్మానముల నకళ్ళు, ఇవి సాధారణముగా ఏ గ్రాంటునకైనను అడుగబడునవి. ప్రజాధనమునకు లెక్క యుండవలెను గనుక వీని నాక్షేపింప వలనుపడదు. కాని సముద్రమును చదువగల వృద్ధుడు దరఖాస్తును చదువలేడు. తత్ఫలితముగా దరఖాస్తును చక్కగా చదువగల పట్టణసంస్థ, సముద్రము నెఱుగనిదయ్యు, శిక్షణ పేర ధనము గైకొని, హోటలు గదిలో నొకదినము సభ జరిపి, సంతకములు పట్టుకొని పోవుట కవకాశ మేర్పడుచున్నది. మత్స్యకార సహకారసంఘమునకు నెలకు రెండు గంటలు వెచ్చించు న్యాయవాదియు, ఏడాది కొకమారు లెక్కలు సరిచూచు గణకుడును ఈ తారుమారును చక్కబెట్టగలరు. ఇందుకు చందా లక్కఱలేదు, సభ లక్కఱలేదు.

ప్రభుత్వములను మేము గోరునవి స్వల్పములు. మొదటిది, మత్స్యపథకములపై కేంద్రరాష్ట్రము లుద్దేశించు ధనములో నూటికి 5 వంతులకు తగ్గకుండ విద్యకు కేటాయింపవలయునని నిబంధన చేయుట. పైన జెప్పిన యోజనలో ప్రభుత్వముల వాటాలు రెండును గలిసి 14,287 కోట్లు. అందులో 5 వంతు లనగా సుమారు 714 కోట్లు. రెండవది, వేటనిషేధపు 61 దినములను బడి దినములుగా జేయుట. ఆ రెండు మాసములు పడవ గట్టున నుండును, మనిషి ఖాళీగా నుండును, ఇంజను విప్పి చూపుటకు వీలుండును. నిషేధకాలపు భృతి నెటులును ఇచ్చుచునే యున్నారు. చదువునకు వచ్చినవానికి దానిపై కొంత చేర్చి యిచ్చినచో హాజరు దానంతట వచ్చును. భృతిని మాత్రము చదువునకు ముడిపెట్టి ఆపరాదు. అన్నమునకు షరతు కూడదు. మూడవది, సంఘములోని అనుభవజ్ఞులైన సరంగులను బోధకులుగా గుర్తించి, వారి గంటలకు వెలగట్టి, సంఘము చెల్లింపవలసిన వాటాలో జమకట్టుట. నాలుగవది, ఏ రాష్ట్రమున నున్నను అభ్యాసకుని యింటిభాషలో పాఠము, హెచ్చరిక, పరీక్ష జరుగుట.

వీనిలో నేదియు అసాధ్యము గాదు. ఒక్క వైర్లెస్సు పెట్టె వెలతో నొక గ్రామమునకు దాని వాడుక నేర్పవచ్చును. నేర్పనిచో ఆ పెట్టె వెలయును నీటిపాలే. వల యిచ్చిన చేయి మఱల వల యీయవలసి వచ్చును, ఏలయన వల చినుగును. విద్య యిచ్చిన చేయి మఱల ఈయ నక్కఱలేదు, ఏలయన దానిని తండ్రి కొడుకున కిచ్చును. మన శాసనములలో విద్య కీయవచ్చు నను మాట విద్య కీయవలయు నను మాటగా మాఱనంతకాలము, తీరమున మనము పెట్టు పెట్టుబడి సగము మాత్రమే పెట్టినట్లు. ఆ మాట మార్చుటకు కోట్ల రూపాయలు గాదు, శాసనసభలో నొక్క సవరణ చాలును. దాని నడుగవలసినవారు తీరమున నున్నారు. అడుగ నేర్చినవారు రాజధానిలో నున్నారు. వీరిరువురును కలిసికొనుట ఇక నాలస్యము గారాదు.